పద్యంలో ఇమిడిన కూడిక – పావులూరి మల్లన

మన ఏలూరు పక్కనున్న పెదవేగి ఒకప్పుడు వేంగి చాళుక్యుల రాజధాని. ఆ వంశపు రాజరాజ నరేంద్రుడనగానే అందరికీ రాజమహేంద్రవరం, నన్నయ భారతం గుర్తుకొస్తాయి. లెక్కలతో బతికే ఇంజనీరును గనక నాకు ఇంకో పేరు కూడా గుర్తుకొస్తుంది: పావులూరి మల్లన. పిఠాపురం దగ్గరి నవఖండవాడ అగ్రహారం ఆ రాజు మల్లన ఇంటివారికి ఇచ్చిందే.

9వ శతాబ్దిలో జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథం అదేనంటారు. శైవుడు కావడంతో మూలంలోని జైన ప్రస్తావనల చోట శివుణ్ణి నిలిపాడు. సొంత లెక్కలూ చేర్చాడు. అందుకే అది పావులూరి గణితమై నిలిచింది.

ఆయన పేర ప్రసిద్ధమైన పద్యం ఒకటుంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు. 64 గళ్ళకూ మొత్తమెంత? కూడుతూ పోనక్కర్లేదు. ఒక్క గింజ అదనంగా కలిపితే మొదటి గడి రెండవుతుంది, రెండో గడితో నాలుగు, మూడో గడితో ఎనిమిది. చివరికి రెండుని 64 సార్లు హెచ్చించినంత. అందులోంచి ఆ ఒక్కటీ తీసెయ్యాలి. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములనుకున్నా సుమారు 37 వేల కోట్ల టన్నులు! తాడేపల్లిగూడెం మిల్లులే కాదు, లోకంలోని మిల్లులన్నీ కలిసినా ఏ ఏడాదీ అంత ఆడలేవు.

ఈ 20 అంకెలనూ మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, బాణాలు అయిదు, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. పద్యం నోటికొస్తే సంఖ్య తప్పదు; పదం మారి గణం తప్పితే ఛందస్సు పట్టిస్తుంది.

1755లో ఆయిలర్ కూడికకు సిగ్మా గుర్తు వాడాడు. కింద సున్న, పైన 63, పక్కన రెండు ఘాతం కె అని రాస్తే 64 గళ్ళూ ఒక గుర్తులో సర్దుకుంటాయి. కొల్లేటి వైపు గట్లకు సెక్షన్ల వారీగా మట్టి లెక్క కట్టేటప్పుడు నేను చేసేదీ సిగ్మాయే. సిగ్మా కూడే పద్ధతిని క్లుప్తంగా చెబుతుంది, మల్లన పద్యం కూడగా వచ్చిన ఫలితాన్ని దాచిపెడుతుంది.

తెలుగులో లెక్కలు సాగవనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. ఈ స్వర్ణోత్సవ వేళ మన గురువులకు నా విన్నపం ఒక్కటే: సిగ్మా చెప్పే రోజున పక్కనే మల్లన పద్యం కూడా బోర్డు మీద రాయండి. అంకెలు విప్పే పని పిల్లలకు వదిలెయ్యండి.