రామానుజన్ పట్టికలో కడపటి సంఖ్య

67,46,32,83,88,800. ఆరులక్షల కోట్లను మీరిన యీ సంఖ్యను చూచి పాఠకులు ఏ రాజ్యముయొక్క ఆదాయవ్యయముల లెక్కయో యని తలంతురు కాబోలు. కాదు. శ్రీనివాస రామానుజన్ 1915లో ప్రకటించిన యొక పట్టికయందు కడపటి సంఖ్య యిది.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడున జన్మించి కుంభకోణమున పెరిగెను. గణితము తప్ప తక్కిన పాఠముల నలక్ష్యము చేసినందున విద్యార్థివేతనము పోయెను, ఎఫ్. ఏ. పరీక్ష తప్పెను. పట్టము లేనివానికి ఉద్యోగ మెవ్వ రిత్తురు? 1910లో నోటుపుస్తకములు చేతబట్టుకొని నెల్లూరికి వచ్చి, అచట కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారి నాశ్రయించెను. వారు నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొనిరి. పిమ్మట 1912లో చెన్నపురి రేవుకార్యాలయమున 30 రూపాయల గుమాస్తాగిరి దొరకెను. 1913లో హార్డీ పండితునకు వ్రాసిన లేఖ ఫలించి, 1914 మార్చిలో కేంబ్రిడ్జికి ఓడ యెక్కెను.

అచట ఆయన పరిశోధించిన విషయము వినుటకు సులభము. 12ను శేషము లేకుండ భాగించు సంఖ్యలు ఆరు: 1, 2, 3, 4, 6, 12. అంతకు చిన్నదగు నే సంఖ్యకును ఇన్ని భాజకములు లేవు. పండ్లు డజన్ల లెక్కన అమ్మువానికి ఈ సౌకర్యము తెలియనిది కాదు; సగమైనను, మూడవవంతైనను, పాతికవంతైనను పండు కోయకయే పంచవచ్చును. ఇట్టి సంఖ్యలను రామానుజన్ వెదకి వెదకి పట్టికగా కూర్చెను.

కడపటి సంఖ్యను విడదీసి చూతము. అందు 2 ఆరుమారులును, 3 నాలుగుమారులును, 5, 7 రెండేసి మారులును, 11, 13, 17, 19, 23 ఒక్కొక్క మారును గుణకములుగా నున్నవి. ఈ మారుల కొక్కొక్కటి చేర్చి గుణించినచో భాజకముల లెక్క తేలును: 10,080. ప్రధానసంఖ్య పెద్దదైన కొలది మారులు తగ్గుటయో, సమముగా నుండుటయో గాని పెరుగుట లేదు. చివరిది ఒక్కమారే వచ్చినది. 4, 36 అను రెండు తప్ప ఈజాతి సంఖ్యలన్నింటను చివరి ప్రధానసంఖ్య యొక్కమారే వచ్చునని ఆయన నిరూపించెను.

పట్టికలో 102 సంఖ్యలున్నవి, ఉండవలసినవి 103. 2,93,31,86,25,600 అను సంఖ్య జారిపోయినది. చిత్రమేమనగా, దానిని 23చే గుణించిన కడపటి సంఖ్యయే వచ్చును! మహనీయుల లోపములను కప్పిపుచ్చుట భక్తి యనిపించుకొనదు గనుక చెప్పితిమి. ఇందువలన ఆయన సిద్ధాంతమునకు లేశమైనను హాని లేదు.

ఈ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జి బి. ఏ. పట్టము నిచ్చెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అప్పటికే దేహము శిథిలమైనది. 1919లో స్వదేశమునకు మరలి, 1920 ఏప్రిల్ 26న చెన్నపురిలో ముప్పదిరెండేండ్లకే కన్నుమూసెను. యుద్ధకాలమున లండను గణితసంఘమునకు ధనము చాలనందున ఆ వ్యాసములో కొంతభాగము అచ్చుకాక నిలిచిపోయినది. అది 1997లో వెలువడెను.