30 ఏళ్లు వేలాడిన తల

రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు విననివారు మన సీమలో ఉండరు. ఆయన కాలంలో కోవెలకుంట్ల మన కడప జిల్లాలోదే. కుంఫిణీ ఇచ్చే తవర్జీ నెలకు 11 రూపాయల చిల్లర. ఆ డబ్బు దగ్గర జరిగిన అవమానాన్నే అందరూ చెబుతారు గానీ, కట్టుబడి బంట్రోతుల ఇనాములు లాక్కోవడమే అసలు కారణమని మాకనిపిస్తుంది. జనం ఊరికే వెంట నడవరు కదా!

1846 జూలైలో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అక్టోబరులో పట్టుబడ్డాడు. రాజద్రోహం, హత్య, దోపిడీ నేరాలు మోపి 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. జనం భయపడాలని తలను కోటకు వేలాడదీశారు.

గాయపడిన సైనికుణ్ణి, శత్రువైనా సరే, కాపాడాలని 1864లో జెనీవా ఒప్పందం జరిగింది. మరుసటి ఏడే బ్రిటన్ అందులో చేరింది. మరి నరసింహారెడ్డి? వాళ్ల లెక్కలో ఆయన సైనికుడు కాదు, తిరుగుబాటుదారు. అలాంటివాళ్లనూ మనుషులుగా చూడాలన్న నియమం 1949లో గానీ రాలేదు. కుంఫిణీ పోయి రాణి పాలన వచ్చినా, 1877 దాకా ఆ తల కోట మీదే ఉంది.