బొబ్బిలిలో రాజాను ఓడించిన వి.వి. గిరి

బొబ్బిలి అనగానే అందరికీ 1757 నాటి యుద్ధమే గుర్తుకొస్తుంది. 1937లో అక్కడే కత్తి దూయకుండా మరో పోరు సాగింది. ఒకవైపు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. అప్పటికి ఆయన మద్రాసు ప్రభుత్వానికి ముఖ్యమంత్రి. స్థానిక స్వపరిపాలన శాఖ కూడా చూసిన మనిషి. తాలూకా బోర్డులు 1934లో రద్దయింది ఆయన హయాంలోనే. రెండోవైపు బరంపురం వకీలు వరాహగిరి వెంకటగిరి.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, అక్కడి స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరగా చూసి 1916లో తిరిగొచ్చారు. గాంధీజీ పిలుపుపై వకాల్తా వదిలి జైలుకెళ్లారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘంగా కూడగట్టారు.

అలాంటి మనిషిని కాంగ్రెసు ఎస్టేటు నడిబొడ్డున నిలబెట్టింది. అప్పట్లో ఓటు అందరికీ లేదు; ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. ఓటున్న రైతుల్లో ఆ ఎస్టేటుకే శిస్తు కట్టేవారు ఉన్నారు. చెరువు నీటికీ, బంజరుకీ దివాణం మొహం చూడవలసినవారే. ఇప్పుడు పురపాలక ఎన్నికలొస్తే లేఅవుట్లు వేసేవారి సొమ్ము గురించి చెప్పుకుంటున్నాం గానీ, ఆనాటి దివాణం పలుకుబడి ముందు ఇదెంత! ఓటు ఎవరికి వేసిందీ దివాణానికి తెలియదన్న నమ్మకం రైతుకు కలిగించడమే పెద్ద పని. చదువురానివారి కోసం రంగుల పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. లెక్క తేలేసరికి రాజా ఓడిపోయారు. రాష్ట్రంలో 215 స్థానాలకు 159 కాంగ్రెసువే.

గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. అదే ప్రభుత్వం ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీలపై విచారణ సంఘం వేసింది. ఎస్టేట్ల రద్దు చట్టం మాత్రం 1948లో గానీ రాలేదు.

1952లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ప్రభుత్వ వైఖరి నచ్చక 1954లో రాజీనామా చేశారు. 1957లో పార్వతీపురం నుంచి పోటీ చేశారు. అది రెండు సీట్ల నియోజకవర్గం. ఒకటి గిరిజనులకు ప్రత్యేకించినది. మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. జనరల్ సీటు డిప్పల సూరిదొరకు దక్కింది. గిరి కొద్ది వందల ఓట్లతో వెనకబడ్డారు. సూరిదొర గిరిజనుడే కాడనీ, గిరిజనుడైతే జనరల్ సీటు ఇవ్వరాదనీ ఆయన వ్యాజ్యం వేశారు. రాజాను ఓటుతో గెలిచిన మనిషికి ఇది అంత శోభించలేదు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికనే ఖాయం చేసింది. రెండు సీట్ల పద్ధతిని 1961లో చట్టం చేసి ఎత్తేశారు.

ఓడిన గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా చేశారు. 1967లో ఉపరాష్ట్రపతి. 1969లో స్వతంత్రుడిగా నిలిచి, మన తెలుగువాడే అయిన నీలం సంజీవరెడ్డిని రెండో ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపులో దాటి రాష్ట్రపతి అయ్యారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.