రహీం మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక పేరున్న క్రీడాకారుల జీవితం రాసి ఇమ్మని అడిగినప్పుడు, నేను బాస్కెట్‌బాల్ వాళ్ళలో ఎవరినో ఎంచుకుంటానని మన వాళ్ళు అనుకొని ఉంటారు. ఎంచుకున్నది ఫుట్‌బాల్ మనిషిని, అంతకన్నా ముందు ఒక బడిపంతుల్ని. బీచ్ రోడ్డులో విగ్రహమై నిలిచిన కోడి రామమూర్తి నాయుడు గారు కూడా వ్యాయామ ఉపాధ్యాయులేనని మన విశాఖవాళ్ళకు తెలుసు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు మాత్రం 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాకే చాలామంది విన్నారు. ఆ సినిమాలో మైదానం బాగా కనిపిస్తుంది, తరగతి గది అంతగా కనిపించదు. అదే నాకు లోటనిపించింది.

ఆయన 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు, బి.ఏ. చదివారు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని కొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. ఆ తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో ఆటలు చూసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ ఏడాది మొదలు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు ఆ జట్టుదే. కలకత్తా క్లబ్బుల ముందు మన దక్కను కుర్రాళ్ళు తల ఎత్తుకున్న రోజులవి.

ఆయన పద్ధతులు చూస్తే అచ్చంగా మాస్టారివి. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే తోటివాడికి అందించాల్సిందే. కుడికాలి వాటం ఉన్నవాళ్ళ చేత ఎడమకాలితో ఆడించేవారు. నేను ఈ బడి కోర్టులో ఆడి, తరువాత కాలేజీ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పిన దాన్ని. సాధన వేళ బంతి నేలకు కొట్టకుండా పాసులతోనే బుట్ట దాకా వెళ్ళమంటే మొదటి వారమంతా మూతులు ముడుచుకునేవారు. రెండో వారానికి పక్కవాళ్ళు ఎక్కడున్నారో చూడడం మొదలుపెట్టేవారు. అప్పటికి నాకు రహీం గారి సంగతి తెలియదు. చదివాక, ఆట వేరైనా ఆలోచన ఒకటేనని తెలిసి సంబరపడ్డాను.

సికిందరాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం బీదవాడు. సాధనకు రావడానికి సైకిలు అద్దె రహీం గారే ఇచ్చేవారు. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. మరుసటేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోర పరాజయం. మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు, నాలుగో స్థానం దక్కింది. 1960 రోములో ఫ్రాన్స్‌తో 1-1 సమం. ఆ జట్టులో ఆయన కొడుకు హకీం కూడా ఉన్నాడు. ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. తండ్రే శిక్షకుడై ఉండి కొడుకును బెంచీ మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో, సొంత పిల్లలున్న బడిలో పాఠం చెప్పిన ప్రతి టీచరుకూ తెలుసు.

1962 జకార్తా నాటికి ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతణ్ణి ఇంటికి పంపాలా, బెంచీ మీద ఉంచాలా? రహీం గారు అతణ్ణి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద అతను గోలు కొట్టాడు. ఇంతలో ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టారని ఊరంతా మనమీద కోపంగా ఉంది. సెప్టెంబరు 4న ఫైనల్. స్టేడియమంతా గేలి చేస్తుంటే, మళ్ళీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్లతోనే జర్నైల్ ఒకటి. 2-1.

ఆటగాడి బలహీనత చూసి పక్కన పెట్టేవాళ్ళు చాలామంది. గాయపడ్డవాడికి కొత్త పని వెతికి ఇవ్వడం బడిలో నలభై మంది పిల్లల్ని చూసిన చూపుకే సాధ్యమని నా నమ్మకం.

ఇంకో తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ద్రోణాచార్య అవార్డు పెట్టింది 1985లో. కొడుకు హకీం కూడా తరువాత ఫుట్‌బాల్ శిక్షకుడే అయ్యారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ జకార్తా స్వర్ణమే ఇప్పటికీ చివరిది.