ఆంధ్రకేసరి ప్లీడరు జీవితం

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆయనను మన కోనసీమకు దగ్గరి రాజమండ్రికి తీసుకువచ్చి చదివించారు. ప్రకాశంగారికి నాటకాలంటే ప్రాణం. స్త్రీ పాత్రలు కూడా ధరించేవారు.

రాజమండ్రిలో ప్లీడరుగా పేరు సంపాదించి, మునిసిపల్ చైర్మన్ అయ్యారు. తరువాత ఇంగ్లండులో బారిస్టరు చదివి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. బాగా సాగుతున్న ప్రాక్టీసును 1921లో వదిలేసి, దేశం కోసం స్వరాజ్య పత్రికను స్థాపించారు. కష్టార్జితమంతా దానికే ధారపోశారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో పేదవాడిగానే కన్నుమూశారు.

మిత్రులారా! మనలాగే అమ్మ రెక్కల కష్టంతో చదువుకున్న ఆ బిడ్డ, సంపాదన చేతికొచ్చాక దాన్ని పదిమందికోసం ఖర్చు చేశాడు. రేపు మన సంపాదన దేనికన్నది ఈ హాస్టల్‌లో ఉండగానే ఆలోచించుకుందాం.