మూడు భాషల రాయి

సెకండియర్ సెమినార్‌లో నా మొదటి స్లయిడ్ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. 1498లో వాస్కోడగామా కోళికోడ్ తీరానికి రావడంతోనే గ్లోబలైజేషన్ మొదలైందని రాశాను. చప్పట్లు కూడా కొట్టారు. పోయిన సెలవుల్లో ఇంట్లోవాళ్లతో శ్రీలంక వెళ్లొచ్చాక ఆ స్లయిడ్ తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కొలంబో జాతీయ మ్యూజియంలో ఒక రాతిపలక చూశాను. చైనీస్, తమిళం, పర్షియన్ మూడు భాషల్లో చెక్కారు. 1409 నాటిది. దాన్ని ఓడలో తెచ్చి గాలే రేవులో పెట్టించినవాడు చైనా నౌకాధిపతి జెంగ్ హే. అప్పటిదాకా ఆ పేరే నేను వినలేదు.

ఆయన 1371లో యునాన్‌లో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి పేరు మా హే. పదేళ్లప్పుడు మింగ్ సైన్యం వచ్చిపడింది. తండ్రి పోయాడు. పిల్లాణ్ణి పట్టుకుపోయి, నపుంసకుడిగా మార్చి, ఒక రాకుమారుడి కొలువులో పెట్టారు. ఆ రాకుమారుడే 1402లో యోంగ్లే చక్రవర్తి అయ్యాడు. యుద్ధాల్లో తన వెంట నిలిచిన మా హేకి జెంగ్ అనే ఇంటిపేరిచ్చి, నౌకాదళాన్ని చేతిలో పెట్టాడు. తన ఊరిని గెలిచిన రాజ్యానికే ఆయన దూత అయ్యాడన్నమాట!

1405 నుంచి 1433 దాకా ఏడు యాత్రలు. మొదటిదాంట్లోనే 27 వేల మందికి పైగా జనం. వాస్కోడగామా లిస్బన్‌లో బయల్దేరింది నాలుగు ఓడలతో. మలక్కా, కోళికోడ్, హోర్ముజ్, చివరికి తూర్పు ఆఫ్రికా దాకా చైనా ఓడలు వెళ్లాయి.

కానీ నన్ను ఆపేసింది ఈ అంకెలు కాదు. ఆ రాతిమీద చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకి, పర్షియన్‌లో అల్లాకి దాదాపు ఒకేలాంటి కానుకలు రాసి ఉన్నాయి. మూడు భాషల్లో ఎందుకు చెక్కించాడు? చదివేవాళ్లు ఆ రేవులో అప్పటికే ఉన్నారు కాబట్టి! జెంగ్ హే కూడా కొత్త దారేమీ కనిపెట్టలేదు. రుతుపవనాల గాలిని నమ్ముకుని అరబ్బులు, గుజరాతీలు, తమిళులు వందల ఏళ్లుగా తిరుగుతున్న సముద్రం అది.

అలాగని అంతా స్నేహమే అనుకోకండి. 1411లో అదే లంకలో ఆయన సైన్యం యుద్ధం చేసి, అక్కడి పాలకుణ్ణి చైనాకి పట్టుకుపోయింది. కానుకలిచ్చిన చేతులే కత్తులూ పట్టాయి.

ఏడో యాత్రతో ఆయన కథ ముగిసింది. చైనా మళ్లీ అలాంటి నౌకాదళాన్ని పంపలేదు. గాలేలోని రాయి చివరికి ఒక కల్వర్టుకి మూతగా మారింది. 1911లో దాన్ని గుర్తుపట్టింది ఎవరనుకున్నారు? ఒక ఇంజనీరు!

ఇంటికొచ్చి వెతికితే ఇంకోటి తెలిసింది. మన మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లోనే శాసనం వేయించాడు. స్లయిడ్ మార్చేశాను. ఈసారి మోటుపల్లి వెళ్దాం, వస్తారా? పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు.