జపాన్ సదువు సూసొచ్చిన మసూద్ సాబ్

మా బాన్సువాడల ఇంటర్ అయిపోయిన ఓ పోరడు మొన్న నన్ను పట్టుకుండు. జపాన్ పోయి వీడియో గేములు తయారుచేసుడు నేర్చుకుంటడట. గంత దూరం పోయి సదివినోళ్లు మన దిక్కు ఎవరన్న ఉన్నరా అన్నా, అని అడిగిండు. గేముల కోసం గాదు గనీ, జపాన్ సదువులు ఎట్లుంటయో సూడనీకె నూరేండ్ల కిందనే మన హైదరాబాద్ రాజ్యం నుంచి ఒకాయన పోయిండు. పేరు సయ్యద్ రాస్ మసూద్.

మసూద్ పుట్టింది 1889ల, ఢిల్లీల. తమాషా ఏందంటే, గదే ఏడు జపాన్‌ల క్యోటో పట్నంల ఒకాయన పేకముక్కల దుకాణం తెరిచిండు. గా దుకాణమే ఇయ్యాల్టి నింటెండో. మసూద్ అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు మనుమడు. ఆక్స్‌ఫర్డ్‌ల సదివిండు. ఇంగ్లిష్ రచయిత ఫార్‌స్టర్‌కు పాణం లెక్క దోస్తు.

1916ల నిజాం సర్కారు ఆయనను విద్యాశాఖ డైరెక్టర్‌గ పెట్టుకుంది. రెండేండ్లకు ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. పాఠాలు ఇంగ్లిష్‌ల గాదు, ఉర్దూల. సైన్సు, చరిత్ర పుస్తకాలను ఉర్దూలకు మార్చనీకె సర్కారు తర్జుమా శాఖనే పెట్టింది. గీ పనిల మసూద్ చెయ్యి పెద్దది.

1922ల సర్కారు ఆయనను జపాన్ తోలింది. 1872ల బడి చట్టం తెచ్చుకున్న దేశం, యాభై ఏండ్లల్లనే యూరప్ రాజ్యాల పక్కన ఎట్ల నిలవడ్డదో అరుసుకొని రమ్మన్నట్టు. బడులు, కాలేజీలు తిరిగిండు, డైరీ రాసుకుండు. సైన్సు పడమటి దేశాలది, సదువు చెప్పేది మాత్రం సొంత భాషల. గీ కిటుకు ఆయనకు మస్తు నచ్చింది. తిరిగచ్చి రాసిన పుస్తకం 1923ల అచ్చయింది. మన నిజాంసాగర్ పని మొదలైన ఏడు గదే.

నాకు గుచ్చుకునేది ఈడనే. రాజ్యంల ఎక్కువ మంది మాట తెలుగు. ఆయన జపాన్ పోయే ముందేడే, 1921ల, హైదరాబాద్‌ల ఓ సభల అల్లంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడితే గేలి చేసిండ్రు. గా అవమానంలకెల్లే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మా ముస్లిం దోస్తుల ఇండ్లల్ల ఉర్దూ సొంతమే. గనీ మిగిలిన రైతుబిడ్డకు ఇంగ్లిష్ ఎంత పరాయిదో, పుస్తకాల ఉర్దూ గూడ గంతనే పరాయిది. జపాన్‌ల చూసిన పాఠం సగమే ఇంటికచ్చింది.

గట్లని మసూద్‌ను తిట్టబుద్ధి గాదు. దొరల భాష లేకుంటే సైన్సు రాదన్న మాట అబద్ధమని చేసి చూపించిండ్రు గదా. నేను తెలుగు బడిల పదో తరగతి దాంకనే పోయినోణ్ని, దాని విలువ నాకెరుక. ఇంతకూ గా జపాన్ పుస్తకాన్ని ఆయన రాసింది ఇంగ్లిష్‌ల!

1928ల హైదరాబాద్ ఇడిసిండు. అలీగఢ్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గ చేసిండు, తర్వాత భోపాల్ పోయిండు. 1937ల ఆడనే కన్నుమూసిండు. 48 ఏండ్లే.

ఇదంత చెప్పి, జపాన్ కాలేజీలల్ల గేముల పాఠం గూడ చానమట్టుకు జపాన్ భాషలనే ఉంటది తమ్మీ అన్న. పోరడు బెదరలే. ఫోన్ల అక్షరాలు దిద్దుతుండు. హిరగానా అయిపోయిందట, కటకానా పట్టిండు.